వార్తలొద్దన్న అంజవ్వ

బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరకగానే అంజవ్వ కొంగు తల మీదుగా లాక్కుని రెండు చెవులూ మూసుకుంది. చలికి కాదు. ఫిబ్రవరి నెలాఖరు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వార్తలకు భయపడి. బస్సన్నాక వార్తలుంటాయి, నలుగురు మగవాళ్లు ఒకచోట కూర్చుంటే యుద్ధం ఊసెత్తకుండా ఎడపల్లి దాకా కూడా పోలేరు. సముద్రం అవతల ఇసుక దేశాల్లో యుద్ధం మొదలై నెల దాటింది. ఆ ఇసుకలోనే, దమ్మాం అనే ఊళ్లో, రొట్టెల భట్టీలో పిండి కలుపుతూ ఆమె పెనిమిటి హన్మండ్లు ఉన్నాడు; ఇంట్లో ఉన్నన్నాళ్లు మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోని మనిషి. దేవుడు రొట్టెలు చేయమని అంత దూరం పంపిస్తే పంపించాడు గానీ, నెత్తిన బాంబులెందుకు పెట్టాడో అంజవ్వకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవద్దనే నిర్ణయించుకుంది. అర్థం చేసుకునే పని ఇంట్లో అత్త పెంటవ్వ చూసుకుంటోంది.

పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఊరి మీదుగా పోయే మొదటి బస్సు ఆగింది. కండక్టర్ తుకారాం తల బయటపెట్టి, "అంజక్కా! మీ హన్మండ్లన్న నిన్న నిజామాబాదుల రాజారాం దుకాణానికి ఫోన్ జేసిండట. ఇయ్యాల పగటిపూట మల్ల జేస్తడట, నిన్ను రమ్మన్నడు. ఇంకో మాట గూడ జెప్పుమన్నడు రాజారాం, గదేందంటే..." అనేలోపల డ్రైవర్ బస్సు కదిలించాడు. తుకారాం మెట్ల మీద వేలాడుతూ ఏదో అరిచాడు. ఆ మాటను ఇంజను మింగేసింది. యుద్ధం మొదలైనంక ఇదే మొదటి ఫోను. రాజారాం వాళ్ల ఊరివాడే, నిజామాబాద్ బస్టాండు ఎదురుగా ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, మాట మింగే మనిషి కాదు. మరి ఆ ఇంకో మాట ఏమై ఉంటుంది? బాగున్న మనిషి గురించి ఒక్క మాట చాలు: బాగున్నడు. రెండో మాట కావాలంటే ఏదో జరిగి ఉండాలి. బాగున్నడు గానీ. ఆ గానీ దగ్గరే బస్సు కదిలింది. అంజవ్వ మూడు గంటలుగా ఆ గానీని పంటి కింద రాయిలా తిప్పుతోంది.

బస్సు చక్కెర ఫ్యాక్టరీ దాటేసరికే కష్టం మొదలైంది. రోడ్డు నిండా చెరుకు బండ్లు, ఒకదాని తోక మరొకటి పట్టుకుని. ఎడ్లకు యుద్ధం సంగతి తెలియదు, చెరుకు సంగతి కూడా పెద్దగా పట్టదు, నెమరు వేసుకుంటూ నిలబడ్డాయి. బెల్లం పాకం మాడినట్టు మడ్డి వాసన కిటికీలోంచి వచ్చి ముక్కును పట్టుకుంది. ఈ వాసనకే హన్మండ్లు పెళ్లయిన కొత్తలో "మన ఊరి గాలి గూడ తియ్యగుంటది" అని ఆమెను బండెక్కించి తీసుకొచ్చాడు. తియ్యగా ఏం లేదు, పులిసినట్టుంది అని అంజవ్వ అంటే నవ్వి, అలవాటైతదన్నాడు. అలవాటైంది. మనిషికి ఏదైనా అలవాటవుతుంది, ఒక్క ఆ రేడియో తప్ప.

రేడియో హన్మండ్లు కిందటేడు వచ్చినప్పుడు తెచ్చిందే. అప్పుడందులో పాటలొచ్చేవి. అంజవ్వ ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంటే, పక్కన పిల్లలిద్దరూ, ఆ పక్కన పెంటవ్వ. పాట బాగుంటే బీడీలు వాటంతటవే చుట్టుకునేవి. యుద్ధం మొదలయ్యాక పాటలు పోయి వార్తలే మిగిలాయి. మొదటి వారం అత్తాకోడళ్లిద్దరూ కలిసే విన్నారు. ఢిల్లీ నుంచి పొద్దునొకటి, హైదరాబాదు నుంచి ఇంకొకటి, పగలొకటి, పొద్దుగూకాక మరొకటి. అన్నిట్లోనూ అదే వార్త, కాని ప్రతిసారీ కొత్తదైనట్టే వినేవాళ్లు. అంజవ్వ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, మరుసటిరోజు అసలు వేయలేదు. బీడీల్లో తంబాకు పెట్టకుండా ఉత్త ఆకులు చుట్టింది. బీడీల కార్ఖానాలో అవి చూసిన మనిషి, "ఏమమ్మా, గాలి తాగుమంటవా జనాన్ని?" అని పక్కకు విసిరేశాడు. ఇవన్నీ ఆమె ఓర్చుకునేదే. కాని ఒకనాడు వార్తలు వింటూ ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తి చూస్తే, ఎదురుగా పిల్లలిద్దరూ కూడా ముద్దలు చేతిలోనే పట్టుకుని తన మొహంలోకి చూస్తున్నారు. వాళ్లకు రేడియో భాష అర్థం కాదు. వాళ్ల రేడియో అమ్మ మొహమే. ఆ పూటే అంజవ్వ చేయి కడుక్కుని లేచింది.

"అత్తా, ఇగ నాకు వార్తలొద్దు."

"వార్తలొద్దంటే యుద్ధం ఆగుతదానే?" అంది పెంటవ్వ.

"ఇంటె ఆగుతదా?"

పెంటవ్వ ఎప్పుడూ చేసే పనే చేసింది, రేడియో మోత ఇంకొంచెం పెంచింది. చివరికి అత్త బర్రెల కొట్టంలో కూర్చుని వినాలని, విన్నది ఇంట్లోకి తేకూడదని ఒప్పందం కుదిరింది. బర్రెకు అభ్యంతరం లేకపోయింది. అప్పట్నుంచి పెంటవ్వ కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని వార్తలు చదివే పిల్లతో నేరుగా మాట్లాడేది. "జర మెల్లగ సదువు బిడ్డా, ఎవలు తరుముతున్నరు నిన్ను?" "నిన్న గిదే జెప్పినవు గద, కొత్తదేమన్న ఉంటె జెప్పు." మంచి మాట ఏదీ చెప్పకుండా వార్తలు ముగించేస్తే, "సిగ్గులేదా నీకు, పొద్దుపొద్దుగాల" అని తిట్టి రేడియో కట్టేసేది. పీపా నూనె ధర ఎంత పెరిగిందో, ఏ దేశపు రాజు ఏ దేశపు రాజుతో అలిగాడో, ఆమెకు మేనల్లుళ్ల పంచాయితీలకన్నా బాగా తెలుసు.

వార్తలు మానేస్తే మనసు నిమ్మళిస్తుందనుకుంది అంజవ్వ. నిమ్మళించలేదు, వార్తలు రేడియోలోంచి అత్త మొహంలోకి మారాయి, అంతే. చెప్పొద్దంది కనుక పెంటవ్వ చెప్పదు. కాని కొట్టంలోంచి బయటికొచ్చేటప్పుడు ఆమె మొహాన్ని అంజవ్వ చూడకుండా ఉండలేదు. పెంటవ్వదేమో పెళ్లిపందిట్లో కూడా చావింట్లో ఉన్నట్టుండే మొహం. అందుకని మొహం వదిలేసి, అత్త తిండిని చూడడం మొదలుపెట్టింది. రెండు రొట్టెలు తిని ఇంకో ముక్క అడిగితే యుద్ధం దూరంగా ఉంది. ఒకటిన్నర తింటే దగ్గరికొస్తోంది. ఒకనాడు పెంటవ్వ రొట్టె ముట్టకుండా, చెంప పట్టుకుని మంచంలో ముడుచుకుంది. అంజవ్వ మధ్యాహ్నం దాకా బీడీలు చుట్టింది, అవి బీడీల్లా లేవు, ఏడుపు ఆపుకోవడం వల్ల ఆమె మొహమూ మొహంలా లేదు. చివరికి ఒప్పందం గట్టున పెట్టి కాళ్ల మీద పడి అడిగితే పెంటవ్వ నోరు తెరిచి చూపించింది. దవడ పన్ను. ఆ రోజు వార్తల్లో క్రికెట్ తప్ప ఏమీ లేదట.

ఇవాళ పొద్దున తోడు రమ్మంటే ఆ పెంటవ్వే రానంది. కొడుకు గొంతు వినొచ్చు కదత్తా అంటే, "నేను వోతే వార్తలెవలింటరే? నువ్వా?" అంది. పొలానికి కాపలా మానేసి పెళ్లికెళ్లే మనిషిని చూసినట్టు చూసింది.

ఎడపల్లి దగ్గర అంజవ్వ పక్కన వచ్చి కూర్చున్నది వెంకట్రావు. ఆయన పేరు ఈ బస్సు కండక్టరు పలకరిస్తే తెలిసింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్ల క్యాంపుల్లో ఒకదానివాడు, తెల్లటి పంచె, చేతిలో ఇంకా మడత విప్పని పేపరు. అంజవ్వ పేపరును చూసి, త్రాచును చూసినట్టు కిటికీ వైపు జరిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పేపరు విప్పి, బస్సంతటికీ తానే బాధ్యుడైనట్టు గొంతు సవరించుకున్నాడు.

"చూశారా, ఇది ఇప్పట్లో ఆగేది కాదండీ. నూనె బావులన్నీ తగలబెట్టేస్తున్నారంట. రేపు డీజిల్ దొరక్కపోతే మన ఇంజన్ల గతేంటి, చెరుకు గతేంటి?"

వెనక సీట్లోంచి ఎవరో అందుకున్నారు. "దుబాయంత మసైందట సారూ. పొగకు పగలే దీపాలు వెట్టుకుంటున్నరట, నల్లటి వాన వడ్తున్నదట."

"దుబాయి కాదయ్యా, అది కువైటు."

"అంత ఒక్కటే గద సారూ, ఇసుకనే గద."

ఇసుకనే కద. అంజవ్వ కొంగు ఇంకా బిగించింది. చెవులు మూసుకుంటే సరిపోదు, లోపలేదైనా మోగుతుండాలి, లేకపోతే బయటి మాటలు కొంగును కూడా దాటుకుని వస్తాయి. అందుకని ఆమె తమ బర్రె వంశం గుర్తుచేసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడున్న బర్రె తల్లి చుక్కబర్రె, దాని తల్లిని బిలోలి అంగడిలో మరాఠీ ఆయన దగ్గర కొన్నారు, దానికి ఒక కొమ్ము వంకర, దాని దూడ మూడోనాడే పోయింది, పోయినప్పుడు హన్మండ్లు రెండు పూటలు తినలేదు. అరె, ఎక్కడికి పోయినా తోవ ఆయన దగ్గరికే వస్తోంది. మళ్లీ మొదట్నుంచి. చుక్కబర్రె. వంకరకొమ్ము. కళ్లు తెరిచి కిటికీలోంచి చూద్దామనుకుంది. మెడ తిప్పే దారిలో చూపు ఒక్క క్షణం పేపరు మీద పడింది.

అంజవ్వ ఐదో తరగతి దాకా చదివింది. అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కోకుండానే మీద పడతాయి. 'దమ్మ'. అంతే కనిపించింది. ఆ పక్కన వెంకట్రావు బొటనవేలుంది, చెరుకు గడ కణుపంత లావు వేలు, అది నొక్కిన మడతలోకి మిగతా వరసంతా పోయింది. వేలు దాటాక కింది వరసలో 'ముగ్గురికి గాయాలు'.

దమ్మ. ఇంకేముంటుంది ఆ వేలి కింద, దీర్ఘం, సున్న తప్ప? దమ్మాం. పెద్ద ఊరే కద, మనుషులు లక్షల్లో ఉంటారు, అందులో ముగ్గురు. లక్షల్లో ముగ్గురంటే చాలా తక్కువ. కానీ హన్మండ్లు సంగతి ఆమెకు తెలుసు. ఏదైనా ముగ్గురికే జరిగేదైతే ఆ ముగ్గురిలో ఆయన ఉంటాడు. ఊరంతా పందిట్లో కూర్చుని తింటే తేనెటీగలు కుట్టింది ముగ్గురిని, అందులో మొదటి మనిషి హన్మండ్లు. బడి గోడ కూలింది, కింద నిలబడ్డది ముగ్గురు. ఆయన అసలు ఆ బడిలో చదవలేదు, ఎవరినో చుట్టకు నిప్పు అడగడానికి వెళ్లాడు. గాయమైతే ఫోనెట్లా చేస్తాడు? చేతికి కాకుండా కాలికై ఉంటే చేస్తాడు. లేదా ఇంకెవరో చేశారేమో, తుకారాం సరిగా విన్నాడో లేదో, బస్సు చప్పుడులో ఇన్నేళ్లు తిరిగినవాడి చెవులెంతవరకు నమ్మొచ్చు? అదేనా ఆ ఇంకో మాట? పేపర్లో గాయాలన్నారు గానీ ఇంకేమీ అనలేదు కద. గాయం మానుతుంది. పోయినేడు ఆయనకు కొడవలి తెగితే పసుపు అద్దితే మానింది. అక్కడ పసుపు దొరుకుతుందా? కమ్మర్‌పల్లి వాళ్లు ఇద్దరు ముగ్గురున్నారన్నాడు అదే భట్టీలో, పసుపు ఊరివాళ్లు పసుపు లేకుండా పోరు.

జానకంపేట దగ్గర మళ్లీ చెరుకు బండ్లు. బస్సు ఆగింది. వెంకట్రావు యుద్ధం, డీజిలు, క్వింటాలు ధర అన్నీ తేల్చేసి, అలసిపోయి, పేపరు ఒళ్లోనే పెట్టుకుని కునుకు తీశాడు. వేలు మాత్రం తీయలేదు. మనిషి నిద్రపోతే వేలు సడలాలి కద, ఈయన వేలు ఇంకా గట్టిగా నొక్కి పట్టింది. అంజవ్వ కొంగు ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. వార్త వద్దు, వద్దని ఇన్నాళ్లు ప్రాణం కాపాడుకున్నది, ఇప్పుడు ఒక్క వేలి కింది రెండు మూడు అక్షరాల కోసం ముందుకు వంగి, పక్కకు వంగి, కిందినుంచి మెడ వంచి చూస్తోంది. ఎదురు సీట్లో ముసలమ్మ, ఈ పిల్ల పెద్దమనిషి జేబు కొట్టడానికి చూస్తోందని అనుమానంగా దగ్గింది. ఆయన పోయేనాడు, బొంబాయి బస్సెక్కేముందు ఏమన్నాడు? "నా గురించి రంది వెట్టుకోకు, తిని పండు" అన్నాడు. తిని పండు. అదేమన్నా మాటా? ఏ మొగుడైనా పోయేటప్పుడు చెప్పే మాటా? అప్పుడు కోపమొచ్చింది. ఇన్నాళ్లూ తాను చేయాలని చూసింది అదే, తిని పడుకోవడం, పిల్లల్ని తినేలా చేసి పడుకోబెట్టడం. అంతకంటే పెద్ద పని లోకంలో ఎవరైనా చేస్తున్నారా అని ఆమెకిప్పుడు అనుమానమొచ్చింది.

"సారూ."

ఉలకలేదు.

"ఓ సారూ! గా ఏలు జర తియ్యుండ్రి."

వెంకట్రావు ఉలిక్కిపడి లేచాడు. "ఏమ్మా, ఊరొచ్చిందా?"

"ఊరు గాదు సారూ. గా ఏలు కింద ఏముందో సదువుండ్రి. మొత్తం సదువుండ్రి. ఏదైతే అదయితది."

ఆయన వేలి వైపు, ఆమె వైపు చూసి, కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. "దమ్మక్కపల్లిలో పెళ్లి ఊరేగింపుపై ఎద్దు దాడి. ముగ్గురికి గాయాలు. బ్యాండు మేళం చప్పుడుకు బెదిరిన ఎద్దు..."

అంజవ్వకు మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "పెండ్లికొడుక్కి గూడ తాకిందా సారూ?" అని అడిగింది, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా. వెంకట్రావు వెతికి, "లేదమ్మా, డోలు వాయించేవాడికీ, ఇద్దరు బంధువులకీ" అన్నాడు. ఆ ఇద్దరు బంధువుల గురించి తలచుకుని ఆమె మళ్లీ నవ్వింది, నవ్వు మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూనే తన పెనిమిటి ఎక్కడున్నాడో చెప్పింది.

డీజిల్ గురించి అంత గట్టిగా మాట్లాడినందుకు కాబోలు, వెంకట్రావు మొహం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత పేపరు నాలుగు మడతలు పెట్టి, యుద్ధమున్న వైపు లోపలికి తిప్పి, "మిర్చి ధరలు చదవనా అమ్మా? అందులో ఏమీ ఉండదు" అన్నాడు. నిజామాబాద్ వచ్చేదాకా మిర్చి, పసుపు, మొక్కజొన్న ధరలు మెల్లగా, ఒక్కొక్కటే చదివి వినిపించాడు. అంజవ్వ శ్రద్ధగా వింది. పేపర్లో ఇంత మంచి వార్తలుంటాయని ఆమెకు తెలియదు.

దుకాణంలో ఆమెను చూడగానే రాజారాం స్టూలు జరిపి, "దా వదినె, కూసో. ఇంక రాలే ఫోను" అన్నాడు.

"ఇంకో మాట ఏందన్నా? తుకారాం చెప్పకుండనే వోయిండు."

"గదా? మీ అత్తను తోలుకరావొద్దన్నడు. ఆమె అస్తె యుద్ధం ముచ్చట్లు వెట్టి నిన్ను మాట్లాడనియ్యదట."

అంజవ్వ ఆ మాటను ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోను మోగినప్పుడు రాజారాం ఎత్తి ఆమె చేతికిచ్చాడు. లోపల గాలి, గరగర, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"అంజీ? ఇనవడ్తుందా? మంచిగున్న. మంచిగున్న నేను."

ఆమె అవునని తలాడించింది. ఫోన్లో తల కనిపించదని రాజారాం సైగ చేస్తే, "ఊ" అంది.

"పిల్లలు తింటున్నరా?"

"తింటున్నరు."

"నువ్వు?"

"తిన్న."

కాసేపు గరగర. తర్వాత హన్మండ్లు గొంతు తగ్గించి, "అంజీ, అక్కడ ఏమంటున్నరే? మాకేం తెల్వది. ఇక్కడంత అరబ్బీల జెప్తరు. సైరను మోగితె భట్టీ బందువెట్టి లోపటికి ఉరుకుతం, మల్లొచ్చి పిండి కలుపుతం. ఎవలనడిగినా ఏం లేదు ఏం లేదంటరు. రేడియోల ఏం జెప్పిండ్రు? ఎప్పుడు అయిపోతదట? మనోళ్లంత నా సుట్టే నిలవడ్డరు, జెప్పు."

ఆయన చుట్టూ మనుషులున్నట్టు తెలుస్తోంది. ఒకడు దగ్గాడు. ఒకడు ఆత్రంగా ఏదో అడగబోతే ఇంకొకడు ఉష్ అన్నాడు. యుద్ధం నడుమ నిలబడ్డవాళ్లు యుద్ధం సంగతి తనను అడుగుతున్నారు; వార్తలు వినడం మానేసిన తనను, మిర్చి ధర తప్ప ఏమీ తెలియని తనను. తెలియదంటే సరిపోతుంది. తెలియదనడమే నిజం. కాని అవతల వాళ్లంతా పిండి చేతులతో, ఆమె మొహం కనిపించకపోయినా, ఆమె మొహంలోకే చూస్తున్నట్టు అనిపించింది.

"ఇగ రెండు మూడు దినాలేనట" అంది అంజవ్వ.

"ఆఁ? ఎవలన్నరు?"

"ఢిల్లీల జెప్పిండ్రు. అయిపోవచ్చిందట. అందరు ఎవలింటికి వాళ్లు వోతరట."

"నువ్వు ఇన్నవా? నువ్వే ఇన్నవా?"

"నా చెవులతోని ఇన్న."

హన్మండ్లు నోటి దగ్గర్నుంచి ఫోను తీసి అరిచాడు, "అరే, అయిపోవచ్చిందటరా! మా ఇంటామె ఇన్నదట!" ఆ వెనక ఒక్కసారిగా లేచిన కేకలకు ఫోను ఆమె చేతిలో అదిరింది. ఎవరో తట్టా, గిన్నో మోగిస్తున్నారు. ఎవరో ఈల వేశారు. "అంజీ, గీ కమ్మర్‌పల్లాయన ఏడుస్తున్నడే, సంబురానికి. అందరికి జెప్తున్న. నువ్వు మల్ల..." అంటుండగా గరగర పెరిగి, మాట తెగి, ఫోను ఊరికే కూయడం మొదలుపెట్టింది.

అంజవ్వ ఫోను పెట్టేసి నిలబడింది. ఆమె ముందెన్నడూ వార్త చెప్పలేదు. ఇంత దూరం అసలే చెప్పలేదు.

"వదినె," అన్నాడు రాజారాం మెల్లగా, "గది ఎప్పుడు జెప్పిండ్రు? నేను పొద్దుగాల ఇన్న, గట్లేం జెప్పలే."

ఆమె రోడ్డు దాటింది. ఎదురు హోటల్లో గల్లా పక్కన రేడియో ఉంది, దాని చుట్టూ టీ గ్లాసులతో మగవాళ్లు మూగి ఉన్నారు. మధ్యాహ్నం వార్తలకు వేళయింది. ఢిల్లీ గంటల చప్పుడు మొదలవుతుండగా అంజవ్వ వాళ్ల మధ్యలోకి మోచేతులతో తోసుకుని పోయింది.

"అరే, ఏందమ్మా, ఆడోళ్లకేం పని ఈడ?" అన్నాడొకడు.

"జరుగుండ్రి" అంది అంజవ్వ, రేడియోకు చెవి ఆనించి. "నేనొక వార్త జెప్పిన. అస్తదో రాదో సూడాలె."